స్టోరీవీవర్‌లో అమ్మ రాసిన బొమ్మల పుస్తకం

రాత్రి అన్నాలయ్యాక మా అయిదేళ్ల పాపకు రెండు బొమ్మల పుస్తకాలు చదివి వినిపించడం మూడేళ్లుగా మా ఇంట్లో తప్పని పని. నిజానికి వాటి మీద పాపకున్న ఇష్టం కంటే నాకున్న ఇష్టమే ఒక పాలు ఎక్కువ. ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వారివి, నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు కొని అల్మారా నింపుకున్నాం కానీ, రోజుకు రెండు చొప్పున చదివితే ఏ అల్మారా అయినా నెల తిరగకుండానే అయిపోతుంది. అలా కొత్త కథల కోసం వెతుకుతూ స్టోరీవీవర్ అనే వెబ్‌సైటుకు చేరాను. రెండేళ్లుగా అక్కడ చదువుతున్నాను, ఏడాదిగా అక్కడే రాస్తున్నాను.

బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ అనే లాభాపేక్ష లేని ప్రచురణ సంస్థ దీన్ని 2015 సెప్టెంబరు 8న, అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవం నాడు ప్రారంభించింది. తెలుగుతో పాటు ఎన్నో భాషల బొమ్మల కథలు ఇందులో ఉచితంగా దొరుకుతాయి. కథలను నాలుగు పఠన స్థాయులుగా విభజించారు. అన్నిటికంటే ముఖ్యమైనది లైసెన్సు. క్రియేటివ్ కామన్స్ కింద ఉన్న ఈ కథలను రచయిత పేరూ చిత్రకారుల పేరూ చెప్పి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, అనువదించవచ్చు, మార్చి రాసుకోవచ్చు.

మార్చి రాసుకోవడం ఎందుకంటారా? తెలంగాణలో పెరిగిన మా పాపకు కథలో ‘బంగాళాదుంప’ వస్తే అది బంగారంతో చేసిన దుంపేమోనని సందేహం వచ్చింది. మా ఇంట్లో అది ఆలుగడ్డ. చదివేటప్పుడు నోటితో మార్చి చదవడం తల్లిదండ్రులందరూ చేసేదే. ఇక్కడ ఆ మాటను పుస్తకంలోనే మార్చి మన ఇంటి ప్రతిగా దాచుకోవడానికి హక్కు ఉంది. పాప ఆ మాటను తనంతట తాను కూడబలుక్కుని చదివిన రోజున ఆ హక్కు విలువ నాకు తెలిసింది.

స్థాయి విషయంలో మాత్రం తల్లిదండ్రులు ముందుగా ఒకసారి కథ చదువుకోవడం మంచిది. మాటలు తక్కువగా, వాక్యాలు చిన్నవిగా ఉన్నంత మాత్రాన తెలుగు పిల్లలకు చదవడం తేలిక కాదు. మన బడులలో వత్తులు గుణింతాల తరువాత వస్తాయి. పిల్లల నోట మొదట పలికే మాటలేమో అమ్మ, నాన్న, అక్క, అన్న, అవ్వ, అత్త, అన్నిటిలోనూ వత్తులే. అందుకే నేను తొలి పుస్తకాలను ఎంచుకునేటప్పుడు పేజీలు లెక్కపెట్టను, వత్తులు లెక్కపెడతాను.

ఇక రాయడం. నాకు బొమ్మలు వేయడం రాదు, ఆ ఒక్క కారణంతోనే ఎన్నో కథలు నోటుపుస్తకం దాటలేదు. స్టోరీవీవర్‌లో చిత్రకారులు వేసిన బొమ్మల నిధి ఉంది. అందులోంచి బొమ్మలు ఎంచుకుని, వరుసగా పేర్చి, పేజీ పేజీకీ మాటలు రాసుకుంటూ వెళ్లవచ్చు. నేను ఒక మేకపిల్ల, ఒక తాత ఉన్న బొమ్మలు తీసుకున్నాను. మొదటి పేజీలో, ‘పచ్చని చేనులో ఎర్ర కండువా వేసుకున్న తాత ముందు నడుస్తుంటే తెల్లని మేకపిల్ల వెనకాల పరుగెత్తింది’ అని రాసి, ఎంతో సంతోషంగా చదివి వినిపించాను. పాప బొమ్మ మీద వేలు పెట్టి, “అదంతా ఇక్కడ కనబడుతోంది కదమ్మా” అంది. చేను పచ్చగా ఉందనీ, కండువా ఎర్రగా ఉందనీ బొమ్మ ముందే చెప్పేసింది. బొమ్మకు తెలియనిది మేకపిల్ల గొంతు ఒక్కటే. వాక్యమంతా కొట్టేసి ‘తాతా, ఆగు!’ అని రెండు మాటలు మిగిల్చాను. వందల పుస్తకాలు చదివి వినిపించినా నాకు అర్థం కాని సంగతి, వేరొకరు వేసిన బొమ్మ కింద రాయడానికి కూర్చున్నప్పుడు అర్థమైంది. ఈ సేవను నేను ఇంతగా మెచ్చుకోవడానికి అసలు కారణం అదే.

కథ పూర్తయ్యాక పీడీఎఫ్‌గా దించుకోవచ్చు. చిత్రకారుల పేర్లు, లైసెన్సు వివరాలు చివరి పేజీలలో వాటంతట అవే చేరతాయి. తెర మీద చదవడం కంటే ఒడిలో కాగితం పుస్తకం పెట్టుకుని చదవడమే నాకిష్టం కనుక మా వీధి చివరి జిరాక్సు దుకాణంలో అచ్చు వేయించాను. పేజీలు అడ్డంగా ఉన్న పుస్తకాన్ని రెండు వైపులా అచ్చు వేసేటప్పుడు కాగితం ఏ అంచు మీదుగా తిరగాలో వారు చూసుకోలేదు, నేనూ చెప్పలేదు. పేజీ తిప్పినప్పుడల్లా తాత, మేకపిల్ల తలకిందులుగా వచ్చారు. రెండోసారి ముందుగా ఒక్క కాగితం నమూనా తీయించి చూసుకున్నాను, మీరూ అలాగే చేయండి. ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. మేకపిల్ల పిలిచే పేజీ, తాత వెనక్కి తిరిగే పేజీ ఎదురెదురుగా పడితే పిల్లలు జవాబును ముందే చూసేస్తారు. పిలుపు కుడివైపు పేజీలో, జవాబు దాని వెనక ఉండేలా నేను ఒక బొమ్మ అదనంగా చేర్చుకున్నాను.

ఇప్పుడు పాప ‘తాతా, ఆగు!’ అని చదివి, పేజీ అంచు పట్టుకుని కాసేపు ఆగి, ఆ తరువాతే తిప్పుతుంది. సొంత బొమ్మలు కూడా ఎక్కించుకోవచ్చని తెలిసినప్పటి నుంచి తన డ్రాయింగు పుస్తకంలో ఒక పిల్లిని మొదలుపెట్టింది. దానికి మీసాలు పెట్టడం అయ్యాక మాటలు నన్ను రాయమంది.