ఐనాచురలిస్ట్ యాప్: పెట్రోల్ బంకు గోడ మీది పురుగులతోని పరీక్ష

ముందుగాల పైసల సంగతి చెప్త, అందరు అడిగేది అదే. ఐనాచురలిస్ట్‌కు ఏం కట్టేది లేదు, నడుమల ప్రకటనలు రావు. ఈమెయిల్ ఒక్కటి ఉంటే ఖాతా తయారైతది. పురుగు ఫోటో ఎక్కిస్తే యంత్రం తన అందాజా చెప్తది, ఆ తర్వాత ఏడనో ఉన్న మనుషులు చూసి ఔనంటరు, కాదంటరు. నా లెక్కల ఐదు స్టార్లకు నాలుగు. ఆ ఒక్క స్టారు ఎందుకు కోసిననో కింద చెప్త.

నేనుండేది సిరొంచ. మహారాష్ట్రే గని, మాకు జిల్లా కేంద్రం గడ్చిరోలి కంటే గోదావరి అవతలి కాళేశ్వరమే దగ్గర. ఇంట్ల తెలుగు, ఆఫీసుల మరాఠీ, సంతకు పోతే మాడియా సుత వినపడ్తది. పని పెట్రోల్ బంకుల నైట్ డ్యూటీ. అర్ధరాత్రి దాటితే లారీలు తప్ప బండ్లు తక్కువ, పురుగులు మాత్రం మస్తు, ఎక్కువ సీతాకోకచిలుకల లెక్క ఉండే రెక్కల పురుగులు (ఇంగ్లీషుల మాత్ అంటరు). పంపుల కాడ ఫోన్ తీసుడు మనా, బోర్డు రాసి ఉంటది. అందుకే నా ఫోటోలన్నీ ఆఫీసు వెనుక, గాలి మిషన్ పక్కన ఉన్న సున్నం గోడ మీదివే. దాని మీద ఒక్క తెల్ల బల్బు, అవతల టేకు చెట్లు. ఇంతకంటే మంచి జాగ ఏడ దొరుకుతది? "ఏం తమ్మీ, గోడకు ఫోటో తీస్తున్నవ్?" అని ఒక లారీ డ్రైవరన్న దగ్గరికొచ్చిండు. చూపిస్తే, "గిది మా చేన్ల ఉంటది గదా" అని ఆడనే నిలవడ్డడు, వెనుక బండి హారన్ కొట్టినా కదల్లే.

దీపానికి పురుగులు ఎందుకొస్తయంటే చంద్రుడనుకొని వస్తయని, వేడికి వస్తయని ఇన్నేండ్లు అన్నరు. 2024ల నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికల వచ్చిన పరిశోధన వేరే మాట చెప్పింది. ఎగిరే పురుగు వెలుతురు ఏ దిక్కుంటే ఆ దిక్కు వీపు తిప్పుతదట. రాత్రిపూట నేల కంటే ఆకాశమే తెలుపు కాబట్టి ఏది పైన, ఏది కింద అని దానికి గట్లనే తెలుస్తది. బల్బు అడ్డమొచ్చేసరికి ఆ లెక్క తప్పి, చుట్టే తిరుగుతది. బల్బు పైకెల్లి పోయేటివి వెల్లకిల తిరిగి కింద పడుడు నేను రోజు చూసేదే. కారణం మాత్రం అది చదివినంకనే ఎరుకైంది.

ఇగ యాప్ పనితనం. టేకు ఆకు తినే పురుగులు రెండు మా దిక్కు అందరు చూసినయే, పేర్లు తెల్వకున్నా. ఒకటి తొలకరికి లేత ఆకు మీద పడి, ఈనెలు మాత్రం ఇడిసిపెట్టి మిగతాదంత మేసేది. దాని పేరు హైబ్లియా ప్యూరా. రెండోది వానలు వెనుకవట్టినంక వస్తది, పచ్చదనమంత గీకి ఆకును జల్లెడ చేస్తది. అది యూటెక్టోనా మెకెరాలిస్. రెండోదానితోని తిప్పల్లేదు, పసుపు రెక్కల మీద ఎర్రటి వంకర గీతలు ఫోటోల సాఫ్‌గ పడ్తయి. హైబ్లియా అట్ల కాదు. గోడ మీద వాలినప్పుడు పై రెక్కలు మట్టిరంగుల మూసుకొని ఉంటయి. ఆ ఒక్క ఫోటో పెడితే యంత్రం నాలుగైదు పేర్లు వరుస పెడ్తది, ఏది పట్టుకోవాల్నో అర్థం కాదు. అసలు గుర్తు లోపలి రెక్కల ఉంటది, నల్లగ ఉండి నడుమ నారింజ పసుపు పట్టీలు. పుల్లతోని మెల్లగ తాకిస్తే ఒక్క నిమిషం తెరుస్తది, అప్పుడే తీయాలె. ఒకే రికార్డు కింద ఒకటి కంటే ఎక్కువ ఫోటోలు జతచేయొచ్చు, నాకు ఇందుల అన్నిటికంటే నచ్చింది ఇదే. మూసిన రెక్క, తెరిచిన రెక్క, పక్కనుంచి ఒకటి పెడితే చూసేటోళ్ళకు అనుమానం ఉండది. (ఈ హైబ్లియాకు మాత్రమే సోకే వైరస్ ఒకటుంది. దాన్నే మందు లెక్క వాడే పద్ధతిని కేరళ అటవీ పరిశోధన సంస్థ తయారు చేసింది. మా టేకు మీద ఎవరన్న కొట్టంగ నేనైతే చూడలే.)

పేరు ఖాయమయ్యే పద్ధతి గిట్లుంటది. మీరొక పేరు పెడ్తరు, లేకుంటే "రెక్కల పురుగు" వరకే పెట్టి ఊకుంటరు. చూసినోళ్ళల్ల మూడింట రెండు వంతుల కంటే ఎక్కువ మంది ఒకే జాతి పేరు చెప్తే, కనీసం ఇద్దరన్నా ఉంటే, అది "రీసెర్చ్ గ్రేడ్" అయితది. లైసెన్సు (వేరేటోళ్ళు వాడుకోనీకి మీరిచ్చే అనుమతి) కుదిరితే అక్కడినుంచి కోపెన్‌హాగన్ల ఉన్న జీబిఫ్ అనే, జీవుల రికార్డుల ప్రపంచ ఖజానాకు పోతది, పరిశోధన చేసేటోళ్ళు దించుకుంటరు. అంటే నా సున్నం గోడ మీద వాలిన పురుగు ఆ లెక్కల్ల చేరుతది. ఈ మొత్తం 2008ల కాలిఫోర్నియాల బర్క్‌లీ యూనివర్సిటీల పిల్లలు చదువు ముగింపుకు చేసిన ప్రాజెక్టు. 2023 నుంచి సొంత సంస్థ, లాభం చూసుకోని సంస్థ.

దసలి పట్టు పురుగు దగ్గర ఒక చిక్కుంది, మా దిక్కోళ్ళకు తప్పకుండ ఎదురైతది. ఆంథీరియా మైలిట్టా దాని పేరు. నది అవతల మహదేవ్‌పూర్, చెన్నూరు దిక్కు, ఇవతల మా జిల్లాల ఆర్మోరి దిక్కు, మద్ది చెట్ల మీద పెంచుతరు, మరాఠోళ్ళు కోసా అంటరు. రెక్కకొక్కటి గుండ్రటి కన్ను, నడుమ అద్దం పెట్టినట్టు అవతలిది కనపడ్తది. రెక్కలొచ్చిన పెద్దపురుగుకు తినే నోరు పనిచేయది, గుడ్లు పెట్టేదాంక బతికి పోతది. దీపానికి వచ్చేటివి ఎక్కువ పోతులే. యాప్ ఏం అడుగుతదంటే: ఇది తనంతట తాను ఉన్నదా, పెంచినదా? పెంచినదని టిక్కు పెడితే "క్యాజువల్" అయి పక్కకు పోతది, రీసెర్చ్ గ్రేడ్ రాదు. నా పద్ధతి ఏందంటే, గోడ మీదికి తనంతట ఎగిరొచ్చినదాన్ని అడవిదనే పెడ్త. పెంపకం చెట్టు మీది గూడు ఫోటో అయితే టిక్కు పెట్టాల్సిందే. చెన్నూరుల మా మేనమామ ఇరవై ఏండ్ల సంది దసలి పెంచుతడు. యాప్ చూపిస్తే, "నేను పెంచినదాని పేరు నాకు గా ఫోన్ చెప్పాల్నారా?" అన్నడు. గూడు కాడను కొమ్మకు ఎట్ల చుట్టుకుంటదో ఆయన చెప్పినంత బాగ ఏ యాపూ చెప్పలేదు, అది నిజమే.

ఇంకొకటి యూడోసిమా. పై రెక్క ఎండుటాకు, కింది రెక్క నారింజ మీద నలుపు. దీని తొండం గట్టిగుంటది, పండుకు బొక్క పొడిచి రసం పీలుస్తది. బత్తాయి, సంత్రా తోటలోళ్ళకు దీని దెబ్బ తెలుసు. దీని గొంగళి పురుగు తినేది మాత్రం తిప్పతీగ. బంకు వెనుక కంచెకు తిప్పతీగ అల్లుకొని ఉంటే సేఠ్ పీకేయమన్నడు. షుగరుకు మందంటరు సేఠ్ అని చెప్పి ఆపిన. సేఠ్‌కు షుగరుంది.

ఇగ స్టారు కోత. మా ఇంటి పక్క కాక వరి రైతు. పసుపు రెక్కల మీద చెరొక నల్ల చుక్క ఉన్న పురుగు పట్టుకొచ్చిండు. సిర్పోఫాగా ఇన్సర్ట్యులస్, కాండం తొలుచు పురుగు ఆడది. పోతుకు ఆ చుక్క సాఫ్‌గ ఉండది, సైజు సుత చిన్నది. పేరు చెప్పిన. "పేరు తెలిస్తే ఏం చేస్కోను బిడ్డా, ఏం చేయాల్నో చెప్పు" అన్నడు. యాప్ల దానికి జవాబు లేదు. గుడ్లు ఆకు కొనల కాడ పెడ్తది కాబట్టి నారు కొనలు తుంచి నాటాలె అనేది వ్యవసాయ శాఖోళ్ళ మాట. మొవ్వు ఎండుడు, తెల్ల కంకి వచ్చినంక ఎంత మందు కొట్టినా లాభం తక్కువ. అది యాప్ పని కాదని నాకు ఎరుకే. కని స్టారు నాది, కోసిన.

రెండో సంగతి, ప్రతి పురుగుకు పేరు దొరుకుతదనుకుంటే నిరాశే. మన దేశంల రెక్కల పురుగులు పదివేల జాతులకు పైనే. గోరంత సైజుల మట్టిరంగువి ఒకదానికొకటి తేడా లేకుంట ఉంటయి, కొన్నిటికి పొట్ట కోసి సూక్ష్మదర్శినిల చూస్తేనే జాతి తేలుతది. హాంప్సన్ అనే ఇంగ్లీషాయన మన దిక్కు రెక్కల పురుగుల మీద 1892 నుంచి 1896 నడుమ నాలుగు సంపుటాలు రాసిండు, ఇప్పటికీ తెలిసినోళ్ళు అవే తిరగేస్తరు. కాబట్టి మీ రికార్డు కుటుంబం దగ్గరనో ప్రజాతి దగ్గరనో (జాతి కంటే పై మెట్లు) ఆగితే చూసేటోళ్ళు నిజాయితీపరులని అర్థం. ఊకె జాతి పేరు రాసేటోళ్ళ కంటే వాళ్ళు నయం.

మరి ఇంత తిప్పలెందుకంటే, తేదీ, జాగ ఉన్న ఫోటోకు విలువ ఉంది. మొక్కజొన్నను పాడు చేసిన కత్తెర పురుగు మన దేశంల మొదట కనపడ్డది 2018ల, కర్ణాటకల. తర్వాత ఏ ఊరికి ఏ నెలల వచ్చిందో తెలియాలంటే ఎవరో ఒకరు ఆ రాత్రి ఫోటో తీసి పెట్టి ఉండాలె.

జాగ సంగతి మా జిల్లోళ్ళు జాగ్రత్తగ చూసుకోవాలె. ఎక్కించేటప్పుడు "ఓపెన్", "అబ్‌స్క్యూర్డ్", "ప్రైవేట్" అని మూడు ఉంటయి. నడుమది పెడితే అసలు జాగ చూపియ్యకుంట, ఇరవై కిలోమీటర్లకు కొంచెం పైన ఉన్న చదరంల ఏడనో ఒక చుక్క పెడ్తది. బంకుకైతే ఓపెనే, అది అందరికి కనపడే జాగ. ఇంటి గోడ మీదివి నడుమదాంట్ల పెడ్త. రాత్రి టార్చి పట్టుకొని అడవిలకు పోవుడు మాత్రం వద్దు. ఎలుగులున్నయి, పులులున్నయి, ఎందుకు తిరుగుతున్నవని అడిగేటోళ్ళూ ఉన్నరు. ఇంటి ముంగట దుప్పటి కట్టి బల్బు పెడితే వచ్చేటివి చాలు.

దుప్పటి తెల్లదే కావాలె. యూవీ బల్బు కొంటే డబ్బా మీద 365 నానోమీటర్లని ఉన్నది చూసుకోండ్రి. 395 వి చూడనీకి ఊదారంగుల బాగుంటయి గని, పురుగులు అంతగ రావు. బల్బు దిక్కు నేరుగ చూడొద్దు. చీమ సైజుల నారింజ నలుపు పట్టీల పురుగు చేతి మీద వాలితే కొట్టొద్దు, ఊది పంపుండ్రి. అది నలిగితే మర్నాటికి ఒళ్ళు కాలినట్టు పొక్కుతది. తగిలితే సబ్బుతోని కడుక్కోవాలె.

చిన్న పిల్లలుంటే అదే సంస్థది సీక్ అనే యాప్ ఇయ్యిండ్రి. 2018ల వచ్చింది, ఖాతా అక్కర్లేదు, నెట్ లేకున్నా కెమెరా పెడితే పేరు చెప్పజూస్తది. రికార్డు మిగలాలంటే మాత్రం పెద్ద యాపే. ఏ గొంగళి పురుగు ఏ చెట్టు తింటదో చూడాలంటే మాత్స్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్ తెరువుండ్రి.

జులై ఆఖర్ల నేషనల్ మాత్ వీక్ అని 2012 నుంచి జరుగుతది, అమెరికాల మొదలైంది, ఇప్పుడు మన దేశంల సుత చేస్తరు. మా దగ్గర ఆ టైం ప్రాణహిత పొంగే టైం. 2022 జులైల ఊర్లకూర్లు నీళ్ళల్ల ఉంటే పురుగుల ముచ్చట ఎవడు పెట్టుకుంటడు. సెప్టెంబరుల చేసినా పోయేదేం లేదు. చెన్నూరు, మహదేవ్‌పూర్, అహేరి దిక్కోళ్ళు ఎవరన్న మొదలుపెడితే ఫోన్ల లొకేషన్ ఆన్ ఉందో చూసుకోండ్రి, తేదీ గని జాగ గని లేకుంటే ఎంత మంచి ఫోటో అయినా క్యాజువల్‌కే పోతది. టేకు పురుగైతే కింది రెక్క తప్పకుండ రావాలె.