కోఠిలో వేయించిన అథబాస్కా సరస్సు గోడపటం: ముద్రణ ఎలా ఉంది?

కెనడా ప్రభుత్వం ఉచితంగా అందించే 1:2,50,000 స్కేలు స్థలాకృతి పటాలను దించుకుని, అథబాస్కా సరస్సు ప్రాంతమంతటినీ ఒకే పటంగా కూర్చి, కోఠిలోని ఒక ప్రింటింగ్ షాపులో గోడపటంగా వేయించాను. దాదాపు 280 కిలోమీటర్ల పొడవున్న ఆ సరస్సు ఈ స్కేలులో ఒక మీటరు దాటుతుంది కనుక, ప్లాటర్ (వెడల్పాటి కాగితం రోల్‌పై ముద్రించే యంత్రం) ఉన్న షాపే కావలసి వచ్చింది.

మొదటి ప్రతి దూరం నుంచి ముచ్చటగానే ఉంది. పడమటి కొనపై భూతద్దం పెట్టాక మాత్రం సన్నని నీలిగీతలన్నీ అలుక్కుపోయి కనిపించాయి. షాపువారు అడిగారని ఫైలును వాట్సాప్‌లో ఫొటోగా పంపడం నా పొరపాటు; అడగకుండా A0 (ఏ జీరో) సైజు కాగితానికి సరిపడేలా కుదించి, పటంపై అచ్చయిన స్కేలును అబద్ధం చేయడం వారి పొరపాటు.

ఆ గీతల కోసం ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మన చెరువులకు నీరు తెచ్చే వాగు వేరు, మిగులు నీరు పోయే అలుగు వేరు. అథబాస్కాకు దక్షిణం నుంచి అథబాస్కా నది, తూర్పు నుంచి ఫాన్ డు లాక్ నది నీరు తెస్తాయి. ఆ నీరు సరస్సు పడమటి కొనలో, ఫోర్ట్ చిపెవయాన్ అనే ఊరి సమీపంలో రివియేర్ దే రోషే మొదలైన పాయల గుండా ఉత్తరానికి సాగి, పీస్ నదితో కలిసి స్లేవ్ నదిగా మారి, గ్రేట్ స్లేవ్ సరస్సును, అక్కడి నుంచి మెకంజీ నది ద్వారా ఆర్కిటిక్ మహాసముద్రాన్ని చేరుతుంది. అయితే పీస్ నది పొంగి దాని మట్టం సరస్సు మట్టాన్ని మించితే, అవే పాయలు వెనక్కి తిరిగి సరస్సులోకి పారతాయి. 1968లో పీస్ నది ఎగువన బెన్నెట్ ఆనకట్టను కట్టి జలాశయాన్ని నింపిన ఏళ్లలో సరస్సు మట్టం పడిపోయి, ఈ పాయలున్న పడమటి కొన డెల్టా ఎండసాగింది. 1970లలో కొన్ని పాయలకు అడ్డంగా రాతికట్టలు వేయవలసి వచ్చింది. ఇంత కథ నడిచిన చోటు నా మొదటి ప్రతిలో వేలెడంత నీలి మరక!

రెండోసారి ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి, అసలు కొలతకే, మ్యాట్ కాగితం రోల్‌పై వేయమన్నాను. పాయలు విడివిడిగా, పేర్లు చదవగలిగేలా వచ్చాయి. స్కేలుతో కొలిచి చూస్తే దూరాలు సరిపోయాయి. మొదటి ప్రతికి డబ్బు తీసుకోకపోవడం వారి మర్యాద. లామినేషన్ మాత్రం చేయించకండి: ట్యూబ్‌లైటు వెలుగు పడితే డెల్టా భాగమే కనిపించదు.