పక్షవాతం: ప్రభుత్వం డబ్బు ముందు ఎక్కడ పెడితే మేలు?

పక్షవాతం గురించి ఎప్పుడు రాసినా పాఠకుల ప్రశ్నలు చివరికి ఒకచోటికే వస్తున్నాయి. ఉన్న డబ్బు కొంచెమే అయితే ప్రభుత్వం దాన్ని ముందు దేనికి ఖర్చుపెట్టాలి? బీపీ కనిపెట్టి మందులివ్వడానికా, ఆస్పత్రుల్లో స్ట్రోక్ యూనిట్లకా, మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను బయటికి లాగే పెద్ద సెంటర్లకా?

గడ్డ తీసే చికిత్సను నేను తక్కువ చేసి మాట్లాడను. 2015లో వరుసగా వెలువడిన ఐదు పరిశోధనలతో దాని విలువేమిటో తేలిపోయింది. మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోయినవాళ్లకు ఇది చేస్తే, ఇద్దరు ముగ్గురిలో ఒకరికి వైకల్యం ఒక మెట్టయినా తగ్గుతుంది. స్కాన్‌లో ఇంకా కాపాడగలిగిన భాగం కనిపిస్తే, కొందరికి 24 గంటల వరకూ చేయవచ్చని 2018లో రుజువైంది. అయితే గడ్డ వల్ల కాకుండా మెదడులో రక్తస్రావం వల్ల పక్షవాతం వచ్చినవాళ్లకు ఇది పనికిరాదు. చిన్న నాళాలు మూసుకుపోయినవాళ్లకూ అంతే. అర్ధరాత్రి రెండు గంటలకైనా నిపుణుడు, స్కాన్, రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపి చికిత్స చేసే క్యాథ్ ల్యాబ్ సిద్ధంగా ఉండాలి. పెద్ద నాళం మూసుకుంటే నిమిషానికి దాదాపు 19 లక్షల న్యూరాన్లు (మెదడు కణాలు) చనిపోతాయని అంచనా. సెంటర్ ఎంత గొప్పదైనా మూడు గంటల దూరంలో ఉంటే, రోగి చేరేసరికి కాపాడుకోవడానికి మిగిలేది చాలా తగ్గిపోతుంది.

అందుకే నేను ముందు చూసేది ఒక్కటే: ఎంతమందికి అందుతుంది?

ఆ లెక్కన స్ట్రోక్ యూనిట్ చాలా ముందుంటుంది. స్ట్రోక్ యూనిట్ అంటే ఖరీదైన యంత్రం కాదు, పక్షవాతం రోగులకోసమే విడిగా పెట్టిన వార్డు, శిక్షణ ఉన్న బృందం. మంచినీళ్లు తాగించేముందు మింగగలరో లేదో పరీక్షిస్తారు. లేకపోతే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. జ్వరం, షుగర్, బీపీ గమనిస్తూ ఉంటారు. ఫిజియోథెరపీ త్వరగా మొదలుపెడతారు. గడ్డ వల్ల వచ్చినా, రక్తస్రావం వల్ల వచ్చినా, రోగి ఏ వయసువారైనా దీనివల్ల మేలు జరుగుతుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ను నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలన్నా ఇలాంటి బృందమే కావాలి. లండన్‌లో 2010లో సుమారు 30 ఆస్పత్రుల్లో చెదిరి ఉన్న అత్యవసర సేవను 8 యూనిట్లకు తెచ్చారు. మరణాలు తగ్గాయి, ఆస్పత్రిలో ఉండే రోజులూ తగ్గాయి.

అయినా నా మొదటి ఓటు బీపీకే. పక్షవాతానికి దారితీసే కారణాల్లో అన్నిటికంటే పెద్దది అదే. పైగా గడ్డ రకానికీ, రక్తస్రావం రకానికీ రెండింటికీ అది ముఖ్య కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్క ప్రకారం 30 నుంచి 79 ఏళ్ల మధ్యవాళ్లలో 128 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉంది. వాళ్లలో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదు. అదుపులో ఉన్నది అయిదుగురిలో ఒకరికే.

ఇక్కడే చాలా ప్రణాళికలు పొరపాటు పడతాయి. శిబిరాలు పెట్టి బీపీ చూస్తారు, ఎంతమందికి చూశామో లెక్క రాసుకుంటారు, పని అయిపోయిందనుకుంటారు. అసలు కష్టం ఆ తర్వాతే. బీపీకి నొప్పి ఉండదు. మాత్రలు నెల రోజులకు అయిపోతాయి, మళ్లీ తెచ్చుకోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. నంబరు తగ్గగానే “నయమైంది కదా” అని ఆపేస్తారు. తప్పు రోగిది అనడం నాకు నచ్చదు. ఒకేసారి మూడు నెలల మందులివ్వడం, రెండు మందులను ఒకే మాత్రలో కలిపి ఇవ్వడం, డాక్టరు కోసం ఆగకుండా శిక్షణ పొందిన నర్సే నిర్ణీత పద్ధతిలో మోతాదు మార్చడం, రానివాళ్లకు ఫోన్ చేయడం ప్రభుత్వం చేయగలిగిన పనులు. ప్రణాళిక నా చేతికొస్తే నేను వెతికేది ఒక్క అంకె: బీపీ ఉందని తేలినవాళ్లలో ఏడాది తర్వాత ఎంతమందికి అదుపులో ఉంది?

ఉప్పు సంగతీ దీనిలోకే వస్తుంది. చైనాలో 600 గ్రామాల్లో కొందరికి మామూలు ఉప్పు బదులు సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు ఇచ్చారు. అందులో ఉన్నవాళ్లంతా బీపీ ఉన్న వృద్ధులో, అంతకుముందే పక్షవాతం వచ్చినవాళ్లో. పక్షవాతం 14 శాతం తగ్గినట్టు 2021లో తేలింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఆ ఉప్పు జోలికి పోకూడదు.

సీటీ స్కాన్ ఉన్న అంబులెన్సులు మంచివే, కానీ ఖర్చు ఎక్కువ, దట్టమైన నగరాలకే సరిపోతాయి. నోరు ఒక పక్కకు పోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే అంబులెన్స్ పిలవమనే ప్రచారం తప్పక ఉండాలి. అయితే చేరిన ఆస్పత్రిలో యూనిట్ లేకపోతే దాని ఫలితం సగమే.

బీపీ కార్యక్రమం నిలదొక్కుకుని, స్ట్రోక్ యూనిట్లు అందుబాటు దూరంలోకి వచ్చిన చోట నా వరుస మారుతుంది. అక్కడ తర్వాతి డబ్బు గడ్డ తీసే సెంటర్‌కే పెట్టమంటాను. ఆ యూనిట్ల నుంచి రోగుల్ని సమయానికి పంపే ఏర్పాటూ దానితోపాటే ఉండాలి.