'ఎ డిఫరెంట్ వరల్డ్': మొదటి సీజన్ నుంచి చూడాలా, రెండో సీజన్ నుంచా?

'ఎ డిఫరెంట్ వరల్డ్' చూద్దామనుకునే వారికి నా సలహా ముందే చెబుతాను: రెండో సీజన్‌తో మొదలుపెట్టండి. 1987 నుంచి 1993 వరకు అమెరికా టీవీ చానల్ ఎన్‌బీసీలో ఆరు సీజన్లు వచ్చిన ఈ హాస్య ధారావాహికను వరుసగా చూడాలనిపించడం సహజమే. కానీ పేరు ఒకటైనా మొదటి సీజన్ తీరు వేరు, తర్వాతి వాటి తీరు వేరు.

కథ వర్జీనియాలోని హిల్మన్ అనే కల్పిత కళాశాలలో జరుగుతుంది. వర్ణవివక్ష వల్ల ఇతర విద్యాసంస్థలు తలుపులు మూసేసిన కాలంలో నల్లజాతి విద్యార్థుల కోసం వెలసిన హోవార్డ్, మోర్‌హౌస్, స్పెల్మన్ వంటి వాటి కోవలోనిది ఈ హిల్మన్. అదే చానల్‌లో వచ్చిన 'ది కాస్బీ షో' అనే కుటుంబ హాస్య ధారావాహికలో మనం చూసిన డెనీస్, తన తల్లిదండ్రులు చదివిన ఈ కళాశాలకే వస్తుంది.

మొదటి సీజన్ అంతా డెనీస్ చుట్టూ తిరుగుతుంది. హాస్టల్ గది, మార్కులు, చేతిలో డబ్బు నిలవకపోవడం, స్నేహితురాళ్లతో అలకలు. డాక్టరు తండ్రి, లాయరు తల్లి ఉన్న ఇంటి పిల్ల చదువులో తడబడటాన్ని దాచకుండా చూపడం నాకు నచ్చింది. గదిలో తోడుండే తెల్లజాతి అమ్మాయి మ్యాగీగా మరిసా టోమే చక్కగా నటించింది. కానీ హిల్మన్ అన్న పేరు తీసేస్తే ఈ కథలు ఏ కళాశాలలోనైనా జరగవచ్చు. ఆ ఏడాది ప్రేక్షకాదరణలో దేశంలోనే రెండో స్థానం దక్కిందంటే, గురువారం రాత్రి 'ది కాస్బీ షో' అయిన వెంటనే ప్రసారం కావడమే ముఖ్య కారణం.

రెండో సీజన్‌కు డెనీస్‌గా నటించిన లీసా బోనే గర్భవతి కావడంతో డెనీస్ పాత్ర తప్పుకుంది. అప్పుడు దర్శకనిర్మాతగా పగ్గాలు చేపట్టిన డెబ్బీ ఆలెన్ స్వయంగా హోవార్డ్ పట్టభద్రురాలు. ఆమె రచయితలను అట్లాంటాకు తీసుకెళ్లి, మోర్‌హౌస్, స్పెల్మన్ విద్యార్థులతో మాట్లాడించింది. ఆ ప్రయాణం ఫలితం తెర మీద స్పష్టంగా కనిపిస్తుంది. గణితం చెప్పే కర్నల్ టేలర్, క్యాంటీన్ నడిపే గెయిన్స్, డాక్టరు కావాలని రాత్రింబవళ్లు చదివే కిమ్, ప్రతి ఉద్యమంలోనూ ముందుండే అమ్మాయి ఫ్రెడ్డీ వచ్చాక హిల్మన్ నిజంగా ఒక ఊరులా తయారైంది. శీర్షిక గీతం కూడా అరీతా ఫ్రాంక్లిన్ గొంతులోకి మారింది.

అసలు బలం మాత్రం ఎంచుకున్న విషయాల్లో ఉంది. తన స్నేహితుడైన ఒక ఆటగాడు, ఫ్రెడ్డీ మీద బలవంతానికి సిద్ధపడుతున్నాడని హిల్మన్ విద్యార్థి డ్వేన్ గ్రహించే ఎపిసోడ్ 1989లోనే వచ్చింది. 1991లో హెచ్ఐవీ ఉన్న విద్యార్థిని కథ చెప్పారు. తరగతిలో ప్రతి ఒక్కరూ తమ మరణం గురించి తామే రాసుకుని చదవాలి; ఆ సందర్భంలో ఆమె నిజం బయటపెడుతుంది. ఎయిడ్స్ అంటే మనుషులు దూరం జరిగే రోజులవి. నల్లజాతి స్త్రీని ఇంటి దాసిగా చూపే పాత బొమ్మ కిమ్‌ను ఎంతగా గాయపరిచిందో చెప్పే ఎపిసోడ్ నాకు అన్నిటికన్నా ఇష్టం. అలాంటి కథకు హిల్మన్ లాంటి చోటు కావాలి, ఎందుకంటే అక్కడ ఆ బొమ్మ గురించి వాదించుకునేవారంతా ఆ చరిత్రకు వారసులే.

మొదటి సీజన్ వదిలేస్తే నష్టం లేదా? కొంత ఉంది. తమ ఇంటిపేరే హాస్టల్‌కు ఉన్న విట్లీ గిల్బర్ట్ మొదట ఎంత గర్విష్ఠో తెలిస్తేనే ఆమె ఎదుగుదల రుచిస్తుంది. మ్యాగీ మళ్లీ కనిపించదు. బయటి నుంచి వచ్చిన మనిషి చూపు పోవడం నిజమైన లోటని నేను ఇప్పటికీ అనుకుంటాను.

అందుకే తొందర లేనివారు రెండు నుంచి అయిదు సీజన్లు చూసి, తర్వాత మొదటిదానికి వెళ్లాలి. అయిదో సీజన్ చివర, 1992లో, మరొకరితో విట్లీ పెళ్లి జరుగుతుండగా డ్వేన్ అడ్డుపడే ఘట్టం ఉంది. పీటల మీద పెళ్లి ఆగడం మన సినిమాల్లో ఎన్నిసార్లు చూసినా ఇక్కడ ఉత్కంఠ తగ్గదు, వాళ్లిద్దరి నాలుగేళ్ల తగవులు, మమకారాలు దాని వెనక ఉన్నాయి కాబట్టి. ఆరో సీజన్ 1992 నాటి లాస్ ఏంజెలిస్ జాతి అల్లర్ల నేపథ్యంతో గట్టిగా మొదలవుతుంది గాని, కొత్త విద్యార్థుల కథలు పాతవారి స్థాయికి రావు. సమయం తక్కువైతే దాన్ని ఆ అల్లర్ల ఎపిసోడ్లతో ఆపేయవచ్చు.