ఇంట్లో హమ్మస్: ఏళ్లుగా చేసుకుంటున్న అనుభవంతో

హమ్మస్ అంటే ఉడికిన కాబూలీ శనగలను నువ్వుల ముద్ద, నిమ్మరసంతో రుబ్బి చేసే అరబ్బీ వంట. అది బాగుంటుందా అని ఎవరైనా అడిగితే, డబ్బాలో కొన్నదా, అప్పుడే ఇంట్లో చేసినదా అని ముందు నేనే తిరిగి అడుగుతాను. రెండింటికీ పేరు ఒక్కటే గానీ, వాటిని ఒకే గాటన కట్టడం నాకు ఇష్టం ఉండదు. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బా హమ్మస్ చల్లగా, పుల్లగా, కాస్త పిండిపిండిగా తగులుతుంది. ఉడికిన శనగల వేడి పూర్తిగా ఆరకముందే రుబ్బి, గోరువెచ్చగా పళ్లెంలో పరిచిన హమ్మస్‌లో మొదట నువ్వుల కమ్మదనం తెలుస్తుంది, తర్వాత శనగల తీపి, చివరికి నిమ్మ పులుపు. చాలా ఏళ్లుగా ఇంట్లో చేస్తున్నాను కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇది ఏ పూటకు ఆ పూట చేసుకుని తినవలసిన వంట. దానికి కావలసిన సామాను మన వంటింట్లో దాదాపు అంతా ఉంది.

నాకు ఈ రుచి అలవాటైంది షార్జాలో ఉద్యోగం చేసిన కాలంలో. అక్కడ నాతో పనిచేసిన లెబనాన్, పాలస్తీనా వాళ్లు పొద్దున ఫలహారానికి దీన్నే తినేవారు. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కుటుంబాలకు ఖుబ్బూస్ అనే అరబ్బీ రొట్టెతో పాటు హమ్మస్ కూడా పరిచయమే. హైదరాబాద్‌లోని అరబ్బీ వంటల హోటళ్లలోనూ దొరుకుతుంది గానీ, అక్కడ అది మాంసం పక్కన చిన్న గిన్నెలో నంజుకోవడానికి ఇచ్చే పదార్థంగా మిగిలిపోయింది. బేరూత్, డమాస్కస్, నాబ్లస్, జెరూసలేం ఊళ్లలో హమ్మస్ పూర్తి భోజనం. హమ్మస్ మాత్రమే అమ్మే దుకాణాలు పొద్దున్నే తెరిచి, ఆ రోజు ఉడికించిన శనగలు అయిపోగానే మధ్యాహ్నానికి మూసేస్తారు. మర్నాటికి దాచి అమ్మే పద్ధతి మంచి దుకాణాల్లో లేదు. ఇంట్లో చేసేటప్పుడు నేను పాటించే నియమాలన్నీ ఈ అలవాటు నుంచి నేర్చుకున్నవే.

ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది శనగల మీద. హమ్మస్‌కు నున్నదనం మిక్సీ వల్ల వస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు, కుక్కర్‌లోనే వస్తుంది. చోలే కూరకు శనగ గింజ విడిగా, నిండుగా కనపడాలి. హమ్మస్‌కు ఆ దశ దాటి ఇంకా ఉడకాలి. బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నొక్కితే లోపల పలుకు అనేది లేకుండా నలిగిపోవాలి. ఏ కాస్త బిరుసు ఉన్నా ఎంత ఖరీదైన మిక్సీ అయినా రవ్వను వదిలేస్తుంది.

కాబూలీ శనగల్లో లావు రకం చూపుకు బాగుంటుంది, కూరకూ బాగుంటుంది. హమ్మస్‌కు నేను చిన్న గింజ రకమే కొంటాను. త్వరగా, లోపలిదాకా సమానంగా ఉడుకుతుంది. మనకు ప్రకాశం జిల్లా నల్లరేగడి భూముల్లో కాబూలీ శనగ పండుతుంది. 1972లో పటాన్‌చెరు దగ్గర ఏర్పడిన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ మొదటి నుంచీ పనిచేస్తున్న పంటల్లో శనగ ఒకటి. రబీ పంట ఫిబ్రవరి, మార్చి నెలల్లో చేతికి వస్తుంది కాబట్టి, వేసవిలో కొన్న కొత్త శనగలు ఉడికే తీరే వేరు. వేడిగా, తేమగా ఉండే చోట ఎక్కువ కాలం నిల్వ ఉన్న గింజ ఎంత నానినా మొండికేస్తుంది. దుకాణంలో గింజ రంగు మాసి, ముడతలు లోతుగా ఉంటే నేను తీసుకోను.

ఒక పావు కిలో శనగలు రాత్రి బాగా ఎక్కువ నీళ్లలో నానబెడతాను. పొద్దున ఆ నీళ్లు పారబోసి, కడిగి, కొత్త నీళ్లు పోసి అర చెంచా వంటసోడా వేస్తాను. ఈ సోడా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో దీని మీద అనుమానం ఎక్కువ. శనగ పొట్టులో, గింజ లోపలి కణాల గోడల్లో పెక్టిన్ అనే పదార్థం ఉండి అన్నిటినీ పట్టి ఉంచుతుంది. క్షారగుణం ఉన్న నీళ్లలో అది తొందరగా విడిపోతుంది. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే అదే పెక్టిన్ ఇంకా బిగుసుకుంటుంది. బోరు నీళ్లతో వండే ఇళ్లలో ఎన్ని విజిల్స్ వచ్చినా పప్పూ శనగలూ ఉడకక విసిగించడానికి ఇదే కారణం. అందుకే ఈ ఒక్క వంటకు నేను తాగే నీళ్లే వాడతాను. సోడా అర చెంచా దాటితే సబ్బు వాసన వస్తుంది, బి1 విటమిన్ కూడా ఎక్కువ పోతుంది. మోతాదులో వేస్తే నోటికి తెలియనే తెలియదు.

కుక్కర్ మూత వెంటనే పెట్టకూడదు. సోడా వల్ల నురగ బాగా పొంగుతుంది, అది ఆవిరి పోయే దారిని మూసేసే ప్రమాదం ఉంది. కుక్కర్ సగానికి మించి నింపకుండా, మూత లేకుండా ఒక పొంగు రానిచ్చి, నురగ తీసేసి, అప్పుడు మూత పెట్టి సన్నటి మంట మీద ఉంచుతాను. విజిల్స్ లెక్క చెప్పమంటే చెప్పలేను, శనగ వయసును బట్టి, నీటిని బట్టి మారుతుంది. ఆవిరి పోయాక మూత తీసి చూస్తే పొట్టు చాలావరకు పైకి తేలి ఉంటుంది. గరిటతో తీసినంత తీసేస్తాను. ఒక్కొక్క గింజ పొట్టు ఒలిచే పనికి మాత్రం నేను కూర్చోను. బాగా ఉడికిన శనగకు ఆ శ్రమ అనవసరం. ఉడికిన నీళ్లు పారబోయకండి, రుబ్బేటప్పుడు ఒకటి రెండు గరిటలు అవసరమవుతాయి. మిగిలింది ఆ పూట చారులో పోసినా బాగుంటుంది.

శనగపప్పుతో చేస్తే త్వరగా అవుతుంది కదా అని మా ఇంటికి వచ్చినవాళ్లు అడుగుతుంటారు. అవుతుంది, తినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ వాసన, ఆ రుచి మన పచ్చడికి దగ్గరగా ఉంటాయి. హమ్మస్ కావాలంటే కాబూలీ శనగే.

ఇక రెండో ప్రాణం తహినీ, అంటే పొట్టు తీసిన నువ్వుల ముద్ద. నిజం చెప్పాలంటే హమ్మస్ రుచిలో సగానికి పైగా దీనిదే. పావు కిలో ఎండు శనగలకు 150 నుంచి 200 గ్రాముల తహినీ వేస్తాను. ఖరీదైన దినుసు కాబట్టి చాలామంది రెండు చెంచాలతో సరిపెడతారు, అప్పుడు మిగిలేది శనగల ముద్ద మాత్రమే. పాలస్తీనాలో నాబ్లస్ తహినీకి పేరున్న ఊరు. ఇథియోపియాలోని హుమేరా ప్రాంతపు నువ్వులను తహినీ తయారుచేసేవారు ప్రత్యేకంగా కోరుకుంటారు. కొనేటప్పుడు సీసా మీద నువ్వులు తప్ప వేరే పేరు లేకుండా చూసుకోండి. పైన నూనె తేలడం లోపం కాదు, కలుపుకుంటే చాలు. ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు ముక్కిపోయిన వాసన వస్తే మాత్రం వాడకండి.

తహినీ ఇంట్లోనూ చేయవచ్చు, నేను రెండు విధాలా వాడాను. దుకాణాల్లో దొరికే నువ్వుపప్పు తీసుకోవాలి. పొట్టుతో ఉన్న నువ్వులు చేదు తెస్తాయి. సన్నటి సెగ మీద రంగు మారకుండా వేడెక్కేదాకా మాత్రమే వేయించాలి. నువ్వుల పొడికి వేయించినట్టు ఎర్రగా వేయిస్తే వాసన మన కారప్పొడి వైపు వెళ్లిపోతుంది. వేడిగా ఉన్నప్పుడే చిన్న జార్‌లో వేసి తిప్పితే ముందు పొడి అవుతుంది, తర్వాత అంచులకు అంటుకునే ముద్ద అవుతుంది. చాలామంది అక్కడ ఆపేసి నూనె పోస్తారు. నువ్వుల్లో దాదాపు సగం నూనే కాబట్టి, ఆపుతూ, అంచులు గీకుతూ, మిక్సీకి విశ్రాంతి ఇస్తూ ఇంకా తిప్పితే అదే జారుగా మారుతుంది. ఆగలేకపోతే వాసన లేని నూనె ఒక చెంచా చాలు. గానుగ నువ్వుల నూనె వద్దు, దాని ఘాటు మిగతా అన్నిటినీ కప్పేస్తుంది. ఇంట్లో చేసిన తహినీ తాజా వాసనలో గెలుస్తుంది, నున్నదనంలో మరలో ఆడించిన దానికి చాలదు. అతిథులు వచ్చే రోజు కొన్నదే వాడతాను, మామూలు రోజుల్లో ఇంట్లో చేసినదే.

రుబ్బే వరసకు కూడా కారణం ఉంది. రెండు వెల్లుల్లి రెబ్బలు దంచి, నాలుగు పెద్ద చెంచాల నిమ్మరసంలో ఉప్పుతో కలిపి పది నిమిషాలు ఉంచుతాను. వెల్లుల్లిని నలిపినప్పుడు ఘాటును పుట్టించే ఎంజైమ్‌ను పులుపు అణచివేస్తుంది, అందువల్ల వాసన ఉంటుంది గానీ నాలుక మండదు. మన నిమ్మకాయ అక్కడి పసుపు పచ్చ పెద్ద నిమ్మకాయ కంటే పదునైనది, కాబట్టి తొక్క చేదు దిగేంతగా పిండకుండా చూస్తాను. ఆ రసాన్ని వడగట్టి తహినీలో పోయగానే అది బిగుసుకుని ముద్ద కడుతుంది. మొదటిసారి చూసినవారు పాడైపోయిందనుకుంటారు. అక్కడ ఐసు నీళ్లు చెంచా చెంచాగా పోస్తూ గిలకొడితే, బిగిసిన ముద్ద మళ్లీ విడివడి, తెల్లబడి, తేలికవుతుంది. ఆ తెలుపు చూడటం నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టం.

ఇందులో గోరువెచ్చని శనగలు కలిపి తిప్పుతాను. చల్లారిన శనగలో పిండిపదార్థం గట్టిపడి ఉంటుంది, నున్నగా నలగదు. మిక్సీలో పెద్ద జార్ కంటే చట్నీ జార్‌లో రెండు విడతలుగా చేస్తేనే బాగా వస్తుంది. చిక్కటి ముద్దలో బ్లేడు కింద గాలి చేరి ఊరికే తిరుగుతుంటుంది, అప్పుడు ఆపి కలిపి ఉడికిన నీళ్లు కొద్దిగా పోయాలి. ఇంట్లో పదిమంది ఉన్నప్పుడు వెట్ గ్రైండర్ వాడతాను. రాయి కింద నెమ్మదిగా నలిగిన హమ్మస్‌కు వచ్చే మెత్తదనం మిక్సీ ఇవ్వలేదు. కడుక్కోవడం శ్రమే, అయినా నా ఓటు దానికే. చల్లారాక గట్టిపడుతుంది కాబట్టి, కావలసిన దానికంటే కాస్త పలుచగా దించాలి. జీలకర్ర పొడి పాలస్తీనా వాళ్లు వేస్తారు, లెబనాన్ వాళ్లు చాలామంది వేయరు. నేను చిటికెడు వేస్తాను. ఆలివ్ నూనె రుబ్బులో పోయను. అది పైన పోయవలసినది.

వెడల్పాటి పళ్లెంలో గరిట వెనకభాగంతో గుండ్రంగా పరిచి, మధ్యలో గుంట చేసి, విడిగా ఉంచిన కొన్ని వేడి శనగలు, మంచి ఆలివ్ నూనె, కాస్త కాశ్మీరీ కారం వేస్తే చాలు. పక్కన పచ్చి ఉల్లిపాయ పాయలు, టమాటా, ఊరవేసిన ముల్లంగి లేదా కీరా. చెంచా అక్కర్లేదు, రొట్టెతో తుడిచినట్టు తీసుకుని తినాలి. ఖుబ్బూస్ దొరకని రోజు పుల్కా సరిపోతుంది, వేడి జొన్న రొట్టె ఇంకా బాగుంటుంది. జొన్న వాసనకూ నువ్వుల వాసనకూ మంచి పొత్తు. పోపు పెట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఆవాలు, కరివేపాకు పడితే అది మంచి పచ్చడే కావచ్చు, కానీ నువ్వులు వినపడవు. బీట్‌రూట్, చాక్లెట్ కలిపిన రకాలు కూడా తిని చూశాను. రంగు తప్ప వాటిలో నాకు దొరికింది లేదు.

డబ్బా హమ్మస్ మీద నా ఫిర్యాదు చల్లదనం ఒక్కటే కాదు. కొన్నిటి మీద దినుసుల జాబితా చదివితే తహినీ వెనక్కి వెళ్లి, సోయా లాంటి చౌక నూనెలు ముందుకు వస్తాయి, నిమ్మరసం స్థానంలో సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. ప్రయాణాల్లో, వండే వీలు లేని చోట అది ఆకలి తీరుస్తుంది, కాదనను. కొంటే తహినీ శాతం రాసి ఉన్నదే కొనండి.

ఈ వంట మీద ఆ దేశాల వారికి ఎంత మమకారమో 2010లో లోకమంతా చూసింది. జనవరిలో జెరూసలేం సమీపంలోని అబూ ఘోష్ గ్రామం 4,090 కిలోల హమ్మస్ చేసి గిన్నిస్ రికార్డు తీసుకుంది. మే నెలలో లెబనాన్ వంటవాళ్లు 10,452 కిలోలు చేసి దాన్ని దాటేశారు. ఆ అంకె ఊరికే రాలేదు, లెబనాన్ వైశాల్యం 10,452 చదరపు కిలోమీటర్లు. ఒక దేశం తన నేలంతా ఒక పళ్లెంలో పెట్టి చూపిందంటే, మనం కూడా దాన్ని రెండు చెంచాల తహినీతో తేల్చేయకూడదు.

శనగలో, నువ్వుల్లో మాంసకృత్తులు మంచి పాళ్లలో ఉన్నాయి, మాంసం తినని మా ఇంట్లో వారికి ఇది ఎంతో ఉపయోగపడింది. నువ్వులు, ఆలివ్ నూనె వల్ల కొవ్వూ తక్కువ కాదు, తినే కొలత తెలుసుకోవాలి. నువ్వులు పడనివారు కొందరుంటారు, అతిథులకు పెట్టేముందు తప్పక అడగండి. అమెరికాలో 2023 నుంచి ఆహార పొట్లాల మీద నువ్వులను అలర్జీ కారకంగా తెలపడం తప్పనిసరి.

చేసిన హమ్మస్ ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. తినే ముందు బయట పెట్టి, కాస్త నిమ్మరసం, వేడి నీళ్లు కలిపితే కొంత తేరుకుంటుంది. దానికంటే నాకు నచ్చిన పద్ధతి ఇంకొకటి ఉంది. ఒకేసారి అర కిలో శనగలు ఉడికించి, సగం అప్పుడే వాడుకుని, మిగతా సగం వాటి నీళ్లతో సహా డబ్బాల్లో పోసి గడ్డకట్టిస్తాను. కావలసిన రోజు పొద్దున గిన్నెలో వేసి మరిగించి, ఆ వేడితోనే రుబ్బితే, ఇడ్లీ ఉడికే సమయంలో హమ్మస్ సిద్ధమవుతుంది.