కలుపు తీసే రోబోతో మూడు పంటలు

మా కూరగాయల చేలో కలుపు తీసే రోబోను వాడటం ఇది మూడో పంట. కొన్న కొత్తలో అది నడుస్తుంటే గట్టు మీద కూర్చుని సినిమా చూసినట్టు చూసేవాణ్ణి. ఆ ముచ్చట ఎప్పుడో తీరింది కాబట్టి ఇప్పుడు ఉన్నదున్నట్టు చెప్పగలను.

బ్యాటరీతో నడిచే నాలుగు చక్రాల బండి ఇది. ముందు కెమెరా, కింద మట్టిని కదిపే చిన్న చిన్న బ్లేడ్లు. దారి చూపేది ఆర్‌టీకే జీపీఎస్. ఫోన్లో ఉండే జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ పోతుంది, దాన్ని నమ్మి సాళ్లలో నడిపితే పంటే మిగలదు. ఆర్‌టీకేలో అయితే ఒకచోట కదలకుండా ఉండే బేస్ స్టేషన్ ఆ తప్పు ఎంతో లెక్కగట్టి బండికి పంపుతూ ఉంటుంది. దాంతో తేడా 2, 3 సెంటీమీటర్లకు తగ్గుతుంది.

సాళ్ల మధ్య దీని పనికి వంక పెట్టలేను, గుంటక తోలినంత శుభ్రంగా ఉంటుంది. కలుపు రెండాకుల మీద ఉన్నప్పుడే దింపితే మట్టిని పైపైన కదిపినా చాలు, ఎండకు వాడిపోతుంది. అంత చిన్న కలుపు కోసం మనం వంగం, కాస్త ఎదగనీ అనుకుంటాం. రోబోకు విసుగు లేదు, మళ్లీ మళ్లీ వెళ్తుంది. దాని తెలివి సంగతి ఎలా ఉన్నా, ఈ ఓపికే నాకు ఎక్కువ పనికొచ్చింది. బరువు తక్కువ కాబట్టి ట్రాక్టరు తిరిగినప్పటిలా నేల బిగుసుకుపోవడం కూడా లేదు.

చిక్కంతా మొక్కకీ మొక్కకీ మధ్య ఉన్న కలుపుతోనే. క్యాబేజీ లేతగా ఉన్నంతకాలం కెమెరా బాగానే గుర్తుపట్టింది. ఆకులు కమ్ముకున్నాక ఏది పంటో ఏది కలుపో దానికి అంతుపట్టలేదు. మొదటి పంటలో ఒక సాయంత్రం, నీడలు పొడుగ్గా పడుతున్న వేళ, దాదాపు సగం సాలు క్యాబేజీ మొక్కల్ని నరుక్కుంటూ పోయింది. కంపెనీవాళ్లకు ఫోన్ చేస్తే అప్‌డేట్ వస్తుందన్నారు. వచ్చింది, పంట కోసేశాక.

తుంగ, గరిక ఉన్న చేనైతే ముందే ఆలోచించుకోండి. తుంగను పైన కోస్తే లోపలి గడ్డ నుంచి మళ్లీ లేస్తుంది. గరిక ఇంకా మొండిది, ముక్కలైతే ప్రతి కణుపూ ఓ కొత్త మొక్కే. నా రోబో ఒక మూలనున్న గరికను చక్కగా ముక్కలు చేసి మడంతా పరిచింది!

వాన పడితే పదును ఆరేదాకా అది షెడ్డులోనే. తడి మట్టి చక్రాలకు ముద్దలు కడుతుంది. కలుపు విరగబడి లేచేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే, కాబట్టి మనుషులు లేకుండా నాకు ఏ పంటా గడవలేదు. కాకపోతే ఆరుగురు చేసే పని ఇద్దరితో సరిపోతోంది.

కొనేటప్పుడు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. రోబో మన చేనుకు సర్దుకోదు, చేనే దానికి సర్దుకోవాలి. అది తిరగడానికి రెండు చివర్లా నేల ఖాళీగా వదిలాను, డ్రిప్ పైపుల దారి మార్చాను, వంకర సాళ్లు మానేశాను. పాలు పితికే రోబోలు 1992లోనే నెదర్లాండ్స్‌లో కొట్టాల్లోకి వచ్చాయి. అక్కడ ఆవే నడిచి రోబో దగ్గరికి వస్తుంది. చేలో ఏ మొక్కా నడిచి రాదు కదా.

2017లో బ్రిటన్‌లోని హార్పర్ ఆడమ్స్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక హెక్టారులో మనిషి అడుగు పెట్టకుండా బార్లీ విత్తి, కోసి చూపించారు. అది జరిగే పనేనని నేనూ నమ్ముతాను. కానీ 2024 మేలో సూర్యుడి మీద పేలుళ్ల వల్ల సౌర తుపాను వచ్చి జీపీఎస్ తప్పుతుంటే అమెరికాలో కొందరు రైతులు విత్తడం మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. అందుకే నేను రెండు కొడవళ్లు, ఒక చేతి గుంటక ఇంకా తీసి పారెయ్యలేదు.

వచ్చే పంటకూ దీన్నే వాడతాను, క్యాబేజీలో, బీట్‌రూట్‌లో. ఉల్లిలోకి మాత్రం దింపను. ఆ సన్నటి ఆకుల్ని గడ్డి అనుకోదని ఇంకా నమ్మకం కుదరలేదు.