భీమవరంలో కుదిరిన కౌన్సెలర్

సఖినేటిపల్లి దగ్గర మా రొయ్యల చెరువులో వరుసగా రెండు పంటలు తెల్లమచ్చ వైరస్‌కు పోయిన తరువాత, నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయినట్టనిపించి అర్ధరాత్రి ఉలిక్కిపడి లేవడం, తీరా చూస్తే అవి తిరుగుతూనే ఉండడం నాకు నిత్యకృత్యమైపోయింది. కౌన్సెలర్ కోసం వెతకడం అలా మొదలై, ముగ్గురి దగ్గరికి తిరిగాక ఒక దారికి వచ్చింది.

మొదటి చోట గోడ నిండా ప్రశంసాపత్రాలే. నా మాట సగంలో ఉండగానే ఆయన, రాత్రి 9 గంటలకు ఫోన్ ఆపేసి పడుకోమని సలహా ఇచ్చి, 10 సిట్టింగుల డబ్బు ముందే కట్టమన్నారు. కరెంటు పోయిందని కాపలా కుర్రవాడు చెప్పేది ఆ ఫోన్‌లోనే. తెల్లవారుజామున, నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ ఏరేటర్లు ఆగాయంటే రొయ్యలు తేలిపోతాయి. రెండో ఆయన మంచివారే గానీ, ఆ వరండాలో కూర్చుని ఉండగా మా మేత డీలరు కనబడి పలకరించాడు. బాకీ ఉన్నవాడికి అంతకంటే ఇబ్బంది ఏముంటుంది? మళ్లీ వెళ్లలేదు.

ఆ మధ్యలో ఒక రాత్రి 14416కు ఫోన్ చేశాను. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన ఈ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలి మానస్, ఉచితం, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు. ఆ రాత్రి గడవడానికి నాకు అదే ఆసరా అయింది.

ఇప్పుడు చూపించుకుంటున్నావిడ భీమవరంలో ఉంటారు. ఆవిడ క్లినికల్ సైకాలజిస్టు. క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఇచ్చిన నమోదు సంఖ్య అడిగితే నొచ్చుకోకుండా చూపించారు. మందులు తాను రాయకూడదనీ, అవసరమైతే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతాననీ, ప్రాణం మీదికి వచ్చే సంగతైతే తప్ప నా మాటలు ఆ గది దాటవనీ మొదటిరోజే చెప్పారు. అన్నిటికంటే నాకు నచ్చింది ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "రాత్రి కరెంటు పోతే మిమ్మల్ని ఎవరు లేపుతారండీ?" ఆ జవాబు పట్టుకునే, నాకూ మా బావమరిదికీ రాత్రుళ్లు వంతులు వేయించి, నా వంతు కాని రాత్రి ఫోన్ అతని దగ్గర పెట్టించారు. నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి కూర్చోమన్నారు, లేచిన వేళ నోటుబుక్కులో రాయమన్నారు. ఆరు సిట్టింగులయ్యేసరికి, వంతు లేని రాత్రి నాలుగింటి దాకా నిద్రపోతున్నాను.

లోపాలు లేకపోలేదు. 45 నిమిషాలకు 800 రూపాయలు మాలాంటివారికి బరువే. పంటు మీద గోదావరి దాటి నరసాపురంలో బస్సెక్కి వెళ్లి రావడానికి పూట గడిచిపోతుంది. ఫోన్ సిట్టింగు కూడా ఇస్తారు గానీ, ఇంట్లో అందరూ ఉంటారు కనుక నేను చెరువు గట్టు మీద కూర్చుని మాట్లాడతాను. మా ఒడ్డు నుంచి వెళ్లేవారు సాయంత్రం సిట్టింగు తీసుకునే ముందు ఆఖరి పంటు ఎన్నింటికో కనుక్కోవడం మంచిది; నేను ఒకసారి చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి ఇల్లు చేరాను.